ఎడమకు తిరగని చేప

నాలుగో ఫిర్యాదుకూ అతడు అదే జవాబు కొట్టాడు. ‘ఆపి, మళ్ళీ వేయండి.’

ఈసారిది ఒక బడి గంట. ఏడు నిమిషాలు ముందుగా మోగుతోందట. పిల్లలు సంతోషంగానే ఉన్నారు, హెడ్మాస్టరే లేరు. జవాబు పంపాడు. ఎదురుగా ఉన్న గడిలో ‘పూర్తయింది’ అని గుర్తు పెట్టాడు. కాగితపు కప్పు అడుగున మిగిలిన టీని గొంతులో ఒంపుకున్నాడు. చల్లారిపోయింది. ఆ ఆఫీసులో అతడు వేడి టీ తాగిన రోజుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టి. భుజాలు ముందుకు వాలి, ఎప్పుడూ బల్లమీద పడి ఏదో వెతుకుతున్నట్టుంటాడు. కుడి మణికట్టు కింద చర్మం నల్లబడి కాయకాసింది. ఇరవై ఆరేళ్ళుగా బల్ల అంచుకు ఆనించి మౌస్ తిప్పిన చెయ్యి అది. ఆఫీసులో మిగిలిన ఎనిమిది మందీ అతణ్ణి ‘అరగంట గారు’ అంటారు. ఏ పని ఎంతసేపు పడుతుందన్నా ‘అరగంట’ అనడం అలవాటు. అది గంటైనా, నెలైనా. ఆ పేరు తనకు తెలియదని వాళ్ళనుకుంటారు. తెలుసు. తెలియనట్టు ఉండడమే సుఖమని ఊరుకున్నాడు.

టైర్ల దుకాణం పైన రెండో అంతస్తు ఆ ఆఫీసు. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. బడి గంటలు, టోకెన్ల వరుసలు, గోడమీది తెరల్లో ఆడే బొమ్మలు. ఇలాంటి చిన్నాచితకా ప్రోగ్రాములు రాసి ఇవ్వడం వాళ్ళ పని. రాసేవాళ్ళు కుర్రవాళ్ళు. రాసినవి చెడితే చూసేది అతడు. ఒకప్పుడు అతడూ రాసేవాడు. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఐదో ఫిర్యాదు తెరిచాడు.

‘ఆడవాళ్ళ వార్డులో చేప రోజూ ఒకే మూలకు పోతోంది. పేషెంట్లు భయపడుతున్నారు. మంచం మారమంటే మారడం లేదు. దయచేసి మనిషిని పంపండి. ఆపి మళ్ళీ వేయమని మాత్రం రాయకండి. హెడ్ నర్సు.’

చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆ వార్డు అతడికి తెలుసు. రోజూ మధ్యాహ్నం భోజనం వేళా, సాయంత్రం ఆఫీసు వదిలాకా అతడు వెళ్ళేది అక్కడికే. మంచం మారనని మొండికేసిన పేషెంటు ఎవరో కూడా తెలుసు.

అతడి అక్క.

పదహారు రోజులుగా అక్క ఆ వార్డులో మూడో మంచం మీద ఉంది. ఊపిరితిత్తులు. పక్కన పెట్టిన సిలిండరు గాలి చాలడం లేదనీ, ఒత్తిడితో గాలి కొట్టే పెద్ద యంత్రం ఆరో మంచం దగ్గరే గోడకు బిగించి ఉందనీ, అక్కడికి మార్చాలనీ డాక్టరు చెప్పి ఇవాల్టికి మూడు రోజులు. అక్క ససేమిరా అంది. ‘నాకు ఇక్కడే బాగుంది’ అనడం తప్ప కారణం చెప్పదు. నిన్న సాయంత్రం డాక్టరు మెల్లగా అసలు మాట బయటపెట్టాడు. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను, ఆ తర్వాత యంత్రం ఇంకొకరికి ఇవ్వక తప్పదు అన్నాడు. ఆ రేపు ఇవాళే.

కారణం చెప్పింది మొదటి మంచం మీది ముసలావిడ. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, వార్డంతా ఆమెను టీచరమ్మ అంటారు. నిన్న వెళ్ళిపోబోతున్న అతణ్ణి వేలితో పిలిచింది.

“మీ అక్కది మొండితనం కాదు నాయనా. ఆ ఆరో మంచం మీంచి నెలలో ముగ్గురు వెళ్ళిపోయారు. ముగ్గురూ ఆ చేప వాళ్ళ మూలకి వచ్చి నిలబడ్డాకే.”

అతడు వినయంగానే వాదించాడు. చేప రోజూ వస్తుంది కదండీ మూలకి, రోజూ ఎవరూ పోవడం లేదు కదా అన్నాడు. యంత్రం అక్కడుంది కాబట్టి బాగా జబ్బు చేసినవాళ్ళనే అక్కడ పడుకోబెడతారు కదా అని కూడా అన్నాడు. టీచరమ్మ అతణ్ణి మొద్దు పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

“మనుషులు పోని రోజుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు నాయనా?”

తెర ఆపి చూశారట ఒకరోజు. వార్డు వార్డంతా అన్నం ముట్టలేదు. ఎక్కడుందో కనబడే చేప కంటే కనబడని చేప ఇంకా భయం. ఇంకోరోజు దుప్పటి కప్పారట. గుడ్డ వెనక కదలడం చూశామని ఇద్దరు ఒట్టేసి చెప్పారు. సాయంత్రానికి దుప్పటి తీసేశారు. చేప మూలనే ఉంది.

టీచరమ్మకు అతడు చెప్పని సంగతి ఒకటుంది. ఆ చేపను రాసింది అతడే.

*

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆసుపత్రి ముందు హాల్లో నీళ్ళ తొట్టె పెట్టకూడదన్నారు, శుభ్రత లెక్కన. అయితే తెరమీద చేప ఆడితే చాలన్నారు. అప్పటి యజమాని అతణ్ణి పిలిచి ఎంతసేపు పడుతుందన్నాడు. అరగంట అన్నాడు. ఒక మధ్యాహ్నం పట్టింది. పక్కపక్కన మూడు తెరలు, వాటిలో ఒక్క నారింజరంగు చేప. జబ్బుమనుషుల కళ్ళు అలవకూడదని ఎనిమిది సెకన్లకొక అడుగు వేసేలా రాశాడు. జావా అనే కంప్యూటర్ భాషలో నూట నలభై వరుసలు. అందరూ బాగుందన్నారు. హాల్లో నిలబడేవాళ్ళు ఐదు నిమిషాలకు మించి నిలబడరు కనక ఆ చేప పొద్దుట్నించి సాయంత్రందాకా ఎటు పోతోందో చూసినవాళ్ళు లేరనే అతడనుకున్నాడు. రెండు నెలల కిందట హాలుకు మరమ్మతులు మొదలై, తెరల్ని తెచ్చి ఈ వార్డులో పెట్టారు. ఇక్కడివాళ్ళకు చూడ్డం తప్ప వేరే పనిలేదు.

పాత ఫైలు వెతికి తెరిచాడు. తన చేతిరాతను ఎనిమిదేళ్ళ తర్వాత చూసుకున్నట్టుంది.

చేపను కదిపేవి రెండే వరుసలు. ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. కంప్యూటర్‌ను సంఖ్య అడుగుతారు. అది కళ్ళుమూసుకుని చీటీ తీసినట్టు సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక భిన్నం ఇస్తుంది. దాన్ని మూడుతో హెచ్చవేసి, ఒకటి తీసేసి, చుక్క తర్వాత ఉన్న తోకను కత్తిరించెయ్యాలి. మైనస్ ఒకటి మిగిలితే చేప ఎడమకు. సున్నా మిగిలితే ఉన్నచోటే. ఒకటి మిగిలితే కుడికి. మూడింటికీ సమాన అవకాశం. అలా అనుకునే రాశాడు. ఇప్పుడు చదివినా అలాగే కనబడుతోంది. తప్పు రాసిన కంటికి తప్పు కనబడదు.

కనబడనప్పుడు లెక్కపెట్టాలి. అది అక్క నేర్పిన విద్య. ఒక పెద్ద ఆఫీసు భవనంలో ముప్పై ఏళ్ళు కుడికాలిమీద బరువు వేసి నిలబడి లిఫ్టు నడిపిన మనిషి ఆమె. ఎక్కినవాళ్ళనూ దిగినవాళ్ళనూ మనసులో లెక్కపెట్టుకునేది. రోజు చివర రెండూ సరిపోకపోతే అన్నం సయించేది కాదు.

చేపను పక్కనబెట్టి, ఆ ఒక్క వరుసను పదివేలసార్లు తిప్పాడు. కంటిరెప్ప వేసేలోగా జవాబు వచ్చింది.

ఉన్నచోటే: 6,658. కుడికి: 3,342. ఎడమకు: 0.

సున్నా. పదివేలలో ఒక్కటైనా లేదు.

వేలితో తెరమీద వరుసను తడుముతూ, బ్రాకెట్ల జతలు ఒక్కొక్కటీ కలుపుకుంటూ వెళ్ళాడు. దొరికింది. తోక కత్తిరించడం ఒకటి తీసేయడానికి ముందు జరగాలి. అతడు రాసినదాంట్లో తీసేశాక జరుగుతోంది. తీసేశాక సున్నాకు దిగువన పడేవి మైనస్ పావు, మైనస్ అర, మైనస్ ముప్పావు. ఎడమకు వెళ్ళాల్సిన అడుగులన్నీ అవే. జావా కత్తెరకు సున్నాకు పైనా కిందా అన్న పట్టింపు లేదు. తోక తీసెయ్యమంటే తీసేస్తుంది. మైనస్ ముప్పావు కాస్తా సున్నా అవుతుంది. ఎడమకు పోవాల్సిన ప్రతి అడుగూ, పైకి పోవాల్సిన ప్రతి అడుగూ ఇన్నేళ్ళుగా సున్నాలో పడి మాయమైపోతూనే ఉన్నాయి. చేపకు మిగిలినవి రెండే. కుడికి, కిందికి. పొద్దున్న ఆరింటికి తెర వేస్తే పై ఎడమ మూలనుంచి బయల్దేరుతుంది. పదకొండయ్యేసరికి తెర అడుగుకు చేరుతుంది. తర్వాత అడుగునే పాకుతూ మధ్యాహ్నం మూడింటికల్లా ఆరో మంచం ఎదుటి మూలకు వెళ్ళి, తోక ఆడిస్తూ నిలబడిపోతుంది.

మృత్యువూ కాదు, మంత్రమూ కాదు. మూసే బ్రాకెట్ నాలుగు అక్షరాల అవతల పడింది. అంతే.

అతడికి నవ్వొచ్చింది. అక్కకు చెప్పాలి. చెబితే తిట్టి, ఆనక నవ్వుతుంది. ఆ హుషారులో బ్రాకెట్ జరిపాడు, చేపను వదిలాడు. అది ఉన్నచోటే వణుకుతూ కూర్చుంది. ఎడమకెన్ని అడుగులో కుడికీ అన్నే అయ్యేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. అడుగు చాలదు. గోరంత అడుగును జానెడు చేశాడు. ఇప్పుడు చేప తెరంతా తిరిగింది.

ఇంకో సంగతి కూడా అప్పుడే కంటబడింది. కింద నాలుగు వరుసలున్నాయి. ఎడమకు పోతే చేప తల అటు తిప్పమని రాసిన వరుసలు. ఎడమవైపు చూసే బొమ్మ ఒకటి అప్పట్లో ప్రత్యేకంగా గీశాడు కూడా. దాని కన్ను కొంచెం పెద్దది. ఎనిమిదేళ్ళలో ఆ నాలుగు వరుసలూ ఒక్కసారైనా పనిచెయ్యలేదు. ఆ బొమ్మను లోకంలో ఎవరూ చూడలేదు.

ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆసుపత్రి పాత ఫిర్యాదులేమైనా ఉన్నాయేమోనని అలవాటుకొద్దీ జాబితా కిందికి జరిపాడు. జరపకుండా ఉంటే బాగుండేది.

మూడున్నాయి. నాలుగేళ్ళ కిందటిది: చేప మూలన నిలబడుతోంది. జవాబు: ఆపి, మళ్ళీ వేయండి. పోయిన సంవత్సరానిది. అదే మాట, అదే జవాబు. మూడోది తొమ్మిది రోజుల కిందటిది. ‘వార్డులో చేప మూలకే పోతోంది, చూడగలరు.’ దాని కిందా అతడి జవాబే. ఆపి, మళ్ళీ వేయండి. పూర్తయింది.

తొమ్మిది రోజుల కిందట అక్క ఆ వార్డులోనే ఉంది. చదవనైనా చదవకుండా కొట్టి ఉంటాడు. టీ చేత్తో పట్టుకునే కొట్టి ఉంటాడు.

యజమాని గదిలోకి తొంగిచూసి ఆసుపత్రికి వెళ్తున్నానన్నాడు. అతడికంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన యజమాని ఫోనులోంచి తల ఎత్తకుండానే, ఆ పాత సరుకు కోసం ఇంకా మనుషుల్ని పంపడమేమిటి, ఆపి మళ్ళీ వేసుకోమనండి అన్నాడు. ఆ ముక్క తన దగ్గరే నేర్చుకున్నాడు మరి. అతడు సంచి భుజాన వేసుకున్నాడు.

*

పన్నెండున్నరకు వార్డు చేరాడు. పొడవాటి గది. ఒక గోడ వెంట ఆరు ఇనప మంచాలు, ఎదుటి గోడకు మూడు తెరలు. మంచాలకాళ్ళ దగ్గర రంగు లేచిపోయి, ఆ లేచినచోట మళ్ళీ వేరే రంగు వేశారు. మందుల వాసనతో ఉడికించిన కూర వాసన కలిసిపోయి ఉంది. ఆరో మంచం ఖాళీ. దానిమీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. పక్క మంచంవాళ్ళు దాని వైపు వీపు పెట్టి పడుకున్నారు. చేప అడుగున పాకుతూ మూడో తెర అంచుకు వచ్చేసింది.

అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. అరవై నాలుగేళ్ళు. పెద్ద ఎముకల మనిషి, పదహారు రోజుల్లో ఎముకలే మిగిలాయి. ముక్కులో గొట్టం. పెదవుల అంచులు నీలంగా ఉన్నాయి. నిన్న ఇంత నీలం లేదు. అమ్మానాన్నా ఒకే ఏడాది పోతే, ఏడేళ్ళవాణ్ణి చంకనెత్తుకుని పనికెళ్ళిన మనిషి. లిఫ్టులో ఓ మూల స్టూలు వేసి కూర్చోబెట్టేది. పదమూడు అంతస్తులు ఎక్కుతూ దిగుతూ అతడు ఎక్కాలు నేర్చుకున్నాడు. తమ్ముడు స్థిరపడ్డాక తన పెళ్ళి సంగతి చూద్దామనుకుందామె. అక్క పెళ్ళయ్యాక తనది అనుకున్నాడతడు. ముందు నువ్వంటే ముందు నువ్వంటూ మర్యాదలు చేసుకునేలోగా బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ రెండు గదుల ఇంట్లో మిగిలారు. ఆదివారాలు ఆమె వంట, మిగతా రోజులు అతడి వంట. ఆదివారం కోసం అతడు బతుకుతానని ఆమె దెప్పేది.

స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

“అక్కా, ఆ చేప నేను రాసిందే.”

ఆమె ఆశ్చర్యపోలేదు. ఊపిరి కూడదీసుకుంది.

“అనుకున్నాన్రా. పొద్దున లేచిన దగ్గర్నించి... ఒక్క దారే పట్టుకుని పోతుంటే... మనింటి సరుకే అనుకున్నా.”

అతడు నవ్వలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి బ్రాకెట్ కథంతా చెప్పాడు. సున్నాకు దిగువన పడ్డవి ఎలా తెగిపోతాయో గీసి చూపించాడు. ఆమె శ్రద్ధగా వింది. లిఫ్టు మనిషి కనక దిగువ అంతస్తుల సంగతి ఆమెకు సులువుగానే ఎక్కింది.

“అంటే కింద సెల్లార్లు ఉన్నాయి... కానీ లిఫ్టు సున్నాలోనే ఆగిపోతోంది.”

“అదే అక్కా. అంతే. ఇంకేం లేదు. సరిచేసి తెచ్చాను. పెట్టనా? పెడితే ఆరో మంచానికి మారతావా?”

“ముందు పెట్టు. చూస్తాను.”

“మాటివ్వు.”

“చూస్తానన్నానా?” అని కళ్ళు మూసుకుంది.

తెర వెనక పెట్టె తెరిచి, దుమ్ము ఊది, పాతది తీసి కొత్తది ఎక్కించడానికి నిజంగానే అరగంట పట్టింది. హెడ్ నర్సు చేతులు కట్టుకుని నిలబడి చూసింది. తెరలు ఒక్కసారి నల్లబడ్డాయి. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. చేప మళ్ళీ వచ్చింది. ఈసారి మధ్య తెరలో బయల్దేరింది. కుడికి ఒక అడుగు. ఆగింది. మళ్ళీ కుడికి. ఐదో మంచంమీది పడుచు మొహం గోడకు తిప్పేసుకుంది.

అప్పుడు చేప తల తిప్పింది.

ఎడమకు చూసింది. ఆ పెద్ద కన్ను వార్డునంతా ఒకసారి చూసినట్టనిపించింది. అతడు గీసిందే, అయినా కాస్త వెనక్కి జరిగాడు. చేప పైకి లేచి, ఎడమకు జరిగి, రెండో మంచం ఎదురుగా ఆగింది.

అతడు గర్వంగా అటూ ఇటూ చూశాడు. ఎవరి ముఖంలోనూ ఊరట లేదు. రెండో మంచం మనిషి కాళ్ళు దగ్గరకు లాక్కుంది. చేప ఇంకొంచెం ఎడమకు పోయింది. టీచరమ్మ దిండులోకి వెనక్కి జరిగింది.

“ఇదేం చేశావు నాయనా,” అంది మెల్లగా. “ఇన్నాళ్ళూ అది నా వైపు చూసిందే లేదు.”

అతడు వివరించబోయాడు. అటూ ఇటూ సమానం అన్నాడు. ఇప్పుడు దానికి ఏ వైపూ ఇష్టం లేదు, ఎటైనా పోవచ్చు అన్నాడు. ఆ చివరి మాటే కొంప ముంచింది. ఎటైనానా అని ఐదో మంచం పడుచు అడిగింది. మునుపటిలాగే చేసెయ్యమని రెండో మంచం మనిషి బతిమాలింది. మూలకి పోతే ఆ మూల సంగతి మాత్రమే చూసుకునేవాళ్ళం, మిగతా గది మనది కదా అంది. హెడ్ నర్సు అతడి వంక చూసిన చూపులో కొత్త ఫిర్యాదు ఒకటి తయారవుతోంది.

అక్క ఒక్కతే నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు చాలాసేపు ఆగలేదు. అతడు వీపు రాశాడు. చేతికి వెన్నుపూసలు ఒక్కొక్కటీ తగిలాయి.

“ఒక్క మంచంమీద ఉన్న భయాన్ని... ఆరు మంచాలకీ పంచావు కదరా.”

“తీసెయ్యమంటావా?”

“వద్దు.” ఆమె చేపను చూస్తూ ఉండిపోయింది. అది మళ్ళీ కుడికి తిరిగింది. “ఇప్పుడు నాకేం పేచీ లేదు. అన్ని మంచాలూ ఒకటే అయినప్పుడు... ఆ మంచం చేసిన పాపమేంటి? పద.”

అంత తేలిగ్గా అంది. మూడు రోజులు డాక్టరు చెబితే విననిది, నర్సులు బతిమాలితే విననిది.

*

మూడో మంచంమీంచి ఆమెను ఇద్దరు ఆయాలు చక్రాల బల్లమీదికి ఎత్తారు. ఎత్తడానికి ఇద్దరక్కర్లేదు. ఆరో మంచంమీద పడుకోబెట్టి, ముఖానికి తొడుగు బిగించి, గోడ యంత్రం తిప్పారు. గాలి బుస్సుమని కొట్టడం మొదలుపెట్టింది. పెదవుల నీలం కొంచెం విడిచినట్టు అతడికి తోచింది. డాక్టరు వచ్చి అంకెలు చూసి, తలాడించి వెళ్ళాడు. ఆ తలాడింపుకు అర్థం అడిగే ధైర్యం అతడికి లేకపోయింది.

రెండున్నరైంది. ఆఫీసుకు వెళ్ళాలి. కాని సరిచేసినదాన్ని పరీక్షించకుండా వదలడం పద్ధతి కాదు. వెయ్యి అడుగులు లెక్కపెట్టి, ఎడమకెన్ని, కుడికెన్ని, ఉన్నచోటెన్ని అని చూడాలి. ఆఫీసులో కంప్యూటరే లెక్కపెట్టింది. ఇక్కడ ఈ గోడమీద కంటితో చూడాలనిపించింది. నిజానికి అక్క పక్కన కూర్చోడానికి ఒక సాకు కావాలి. వట్టినే కూర్చోడం అతడికి చేతకాదు.

కాగితం మడిచి మూడు గడులు గీశాడు. ఎనిమిది సెకన్లకొక గీత. కాసేపయ్యాక అక్క దుప్పటి మీద చెయ్యి కదిపింది. తొడుగుతో మాట్లాడలేదు కదా. చేప ఎడమకు పోతే ఎడమ చూపుడువేలు ఎత్తింది. కుడికి పోతే కుడి వేలు. కదలకపోతే రెండూ దించి ఉంచింది. అతడు తెర చూడ్డం మానేసి ఆమె వేళ్ళు చూసి గీతలు పెట్టాడు. ఎప్పుడైనా పరీక్షగా తల ఎత్తి తెరకేసి చూస్తే ఆమె కనుబొమలు ముడిచేది. నామీద నమ్మకం లేదా అన్నట్టు. ఒక్కసారి కూడా తప్పలేదు.

మూడు దాటింది. ఎప్పటిలాగైతే చేప ఈపాటికి వాళ్ళ మూలకు రావాలి. వార్డంతా అటే చూస్తోంది. చేప మధ్య తెరలో తచ్చాడుతోంది. నాలుగింటికి ఒకసారి నిజంగానే ఆరో మంచం ఎదుటికి వచ్చింది. అతడి పెన్సిలు ఆగింది. బ్రాకెట్ తెలిసినవాడు, పదివేలసార్లు తిప్పి చూసినవాడు, అయినా స్టూలు అక్క వైపు ఇంకొంచెం జరుపుకున్నాడు. అక్క నిమ్మకు నీరెత్తినట్టు కుడి వేలు ఎత్తింది. కుడి వేలు. మళ్ళీ కుడి వేలు. తర్వాత ఎడమ. చేప తల తిప్పుకుని వెళ్ళిపోయింది. తొడుగు లోపల ఆమె నవ్విందని కళ్ళు చూసి పోల్చుకున్నాడు.

నాలుగున్నరకు ఎడమకు మూడువందల రెండు, కుడికి రెండువందల తొంభై తొమ్మిది. మనసు తేలికపడింది. ఈ ఆదివారానికి కాకపోయినా పై ఆదివారానికి ఇంటికి వెళ్ళొచ్చేమో అనుకున్నాడు. కిటికీలోంచి ఎండ మంచం పట్టీమీద పడింది. చేప పైకి ఎక్కుతూ ఎడమకు పోతోంది.

వేలు లేవలేదు.

నిద్ర పట్టిందనుకున్నాడు. పట్టనీ, మంచిదే. తనే తెర చూసి ఎడమ గడిలో గీత పెట్టాడు. మళ్ళీ ఎడమ. ఉన్నచోటే. కుడి. ఎడమ. ఆమె చేతుల వంక చూడకుండా పదకొండు అడుగులు తనే గీశాడు. పన్నెండోదానికి పెన్సిలు కదల్లేదు. యంత్రం బుస్సుమంటూ గాలి కొడుతూనే ఉంది. అది కొట్టినప్పుడు ఛాతీ లేస్తోంది. అది మానినప్పుడు పడుతోంది. ఆ లేవడంలో ఆమె ప్రమేయం ఏమీ లేదు.

అతడు కేక వెయ్యలేదు. లేచి వెళ్ళి హెడ్ నర్సు బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె అతడి మొహం చూసి పరుగెత్తింది. మంచం చుట్టూ గుడ్డ తెర లాగారు. తెర వెనక కాళ్ళు అటూ ఇటూ తిరిగాయి. అతడు ఇవతల నిలబడ్డాడు. నిలబడి ఏం చేశాడో తర్వాత ఎప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చేప ఎక్కడుందోనని చూశాడు.

మొదటి తెరలో, పైన, చివరంటా ఎడమన ఉంది. అక్కకు అందనంత దూరంలో. టీచరమ్మ ముసుగు తన్ని పడుకుంది. ముసుగు సన్నగా వణుకుతోంది.

డాక్టరు బయటికి వచ్చి మూలనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. చిన్నవాడు, మంచివాడు. చేతులు తుడుచుకుంటూ, మేము చెయ్యగలిగింది చేశామన్నాడు. తువ్వాలు మడతపెడుతూ ఇంకో మాట కూడా అన్నాడు.

“చెప్పిన రోజునే మారి ఉంటే వేరేగా ఉండేదండీ. ఈ మూడు రోజులే...”

అని ఆగిపోయి, అతడి భుజంమీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. ఆ మంచం మారకపోవడం వెనక ఏముందో డాక్టరుకు తెలియదు. చెప్పాలని అతడు నోరు తెరిచాడు. నాలుగు అక్షరాల దూరం అండీ అని చెప్పాలి. మూడుసార్లు రాశారండీ వాళ్ళు, మూడుసార్లూ నేనే మూసేశానండీ అని చెప్పాలి. అప్పటికే డాక్టరు వరండా మలుపు తిరిగాడు.

సంతకాలు పెట్టడానికి కింది అంతస్తుకు రమ్మన్నారు. వెళ్తూ టీచరమ్మ మంచం దగ్గర ఆగాడు. ఆమె ముసుగు కళ్ళదాకా దించి, అతడి కంటే ముందు తెరకేసి చూసి, తర్వాత అతణ్ణి చూసింది.

“పాపం, మీ అక్క దగ్గరికి ఇది పోనేలేదు నాయనా. నేను చూస్తూనే ఉన్నాను. నా దగ్గరే ఉంది.” గొంతు తగ్గించింది. “అంటే ఇప్పుడు మాకేం గుర్తు?”

గుర్తేమీ ఉండదమ్మా అన్నాడు. ఆమె ఆ మాటను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత అతడి చెయ్యి పట్టుకుని, వెళ్ళు నాయనా, పనులున్నాయి కదా అంది.

గీతల కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. సంచి తీసుకున్నాడు. ఆరో మంచం పక్క బల్లమీదున్న అక్క దువ్వెన, కళ్ళజోడు, సగం చదివిన వారపత్రిక సంచిలో సర్దుకున్నాడు. అన్నీ తీసుకున్నాననే అనుకున్నాడు. మెట్లు దిగుతుంటే యజమాని ఫోను చేశాడు. చేప సంగతి అయిందా అని అడిగాడు. అయిందన్నాడు. అయితే ఫిర్యాదు మూసెయ్యండి అన్నాడు యజమాని. రేపు మూస్తానన్నాడు. ఇలాంటి పనిని రేపటికి వాయిదా వెయ్యడం అతడికి అదే మొదలు.

పైన వార్డులో దీపాలు వేశారు. చేప రెండో తెరలోకి వచ్చింది. సాయంత్రం కొత్త పేషెంటు వస్తుందని కబురు రావడంతో ఆయా మూడో మంచానికి ఉతికిన దుప్పటి పరిచింది. వంగి కిందికి చీపురు పోనిచ్చింది. చీపురుకు ఏదో అడ్డు తగిలింది. లాగి చూసింది. ముదురు గోధుమరంగు ఆడవాళ్ళ చెప్పులు. చక్రాల బల్లమీదికి ఎత్తి తీసుకుపోయిన మనిషివి. నడిచి వెళ్ళి ఉంటే వేసుకునే ఉండేది. ఎవరివని అడగడానికి ఆయా చుట్టూ చూసింది. అందరూ చేపను చూస్తున్నారు. వాటిని జతగా గోడవారకు జరిపి వెళ్ళిపోయింది. ఎడమ చెప్పు ఇంకా బాగానే ఉంది, కుడిదాని మడమ మాత్రం ఒక పక్కకే అరిగి అరిగి కాగితమంత పల్చనైపోయింది.